మూడడుగుల సందులో మైకు

మా తోడల్లుడికి జైల్లో ఉన్న పేరు మైకు. ఖైదీలు మైకు బాబాయ్ అంటారు, తోటి వార్డర్లు ఉత్త మైకు అంటారు, సూపరింటెండెంటు గారికి కోపం వచ్చినప్పుడు "ఆ మైకుని పిలవండయ్యా" అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయనకొక సొంత సిద్ధాంతం ఉంది. "నేను మరీ మెల్లగా మాట్లాడతాను కదా తమ్ముడూ, అందుకని వెటకారానికి పెట్టారు వెధవలు" అని నాతో కనీసం పదిసార్లు అని ఉంటాడు. పదిసార్లూ మా వీధి చివర పడుకున్న కుక్క లేచి మొరిగింది.

ఆయన మా ఆవిడకి అక్క మొగుడు. వార్డరు. నేను అదే జైల్లో ఆఫీసు గుమాస్తాని. ఇద్దరల్లుళ్ళూ ఒకే జైల్లో పడ్డారని మా మామగారు బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు. క్వార్టర్సులో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆయన అక్కడ దగ్గితే మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి.

మైకు డ్యూటీ ములాఖత్ గదిలో. ఖైదీలను చూడటానికి వాళ్ళవాళ్ళు వచ్చే గది అది. పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. నడుమ నేల నుంచి కప్పు దాకా రెండు ఇనపవలలు, ఆ రెంటికీ మధ్య మూడడుగుల సందు. అవతలి వలకి ఖైదీలు అతుక్కుంటారు, ఇవతలి వలకి పెళ్ళాలూ తల్లులూ అన్నదమ్ములూ అతుక్కుంటారు. చేతులు తగలకూడదు, చీటీలు మారకూడదు అని ఎప్పుడో ఎవరో మహానుభావుడు అలా కట్టించాడు. ఆయన అనుకున్నదానికన్నా బాగానే పనిచేసింది, మాటలు కూడా దాటవు. ఒక్కో విడతకి ఇరవై మంది ఖైదీలు, వాళ్ళకోసం వచ్చిన నలభై మంది, అందరికీ కలిపి పది నిమిషాలు. పక్కవాడు అరుస్తున్నాడు గనక నువ్వు అరవాలి, నువ్వు అరిచావు గనక వాడు ఇంకాస్త అరవాలి. ఆ అరుపుల మధ్య, ఆ సందులో, అటు చివరి నుంచి ఇటు చివరికి తిరగటం మా మైకు ఉద్యోగం. ఇరవై మూడేళ్ళు తిరిగాడు.

మొదటి పదేళ్ళలోనే చెవులు పోయాయి. పోయాయంటే ఒప్పుకోడు. "ఈ మధ్య జనం బాగా నెమ్మదించారు తమ్ముడూ, నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు" అంటాడు. అయితే పోయిన చెవులకి బదులు ఆయనకొక విద్య అబ్బింది. పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తాడు. ఖైదీ వలకి మొహం ఆనించి "ఏమంటోంది బాబాయ్?" అని అడుగుతాడు. ఈయన ఆవిడ పెదాలకేసి ఒక్క చూపు చూసి, ఇటు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, తన లెక్కలో వాడొక్కడికే వినపడేట్టు చెబుతాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు. రూలు ప్రకారం ఆయన చెయ్యాల్సింది వినటం, చెయ్యకూడనిది మోయటం. వినటం దేవుడు తీసేసుకున్నాడు కాబట్టి మోయటం ఒక్కటే మిగిలింది.

మోసేటప్పుడు కాస్త తూకం వేసి మోస్తాడు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక తల్లి "నీ పాడు మొహం నాకు చూపించకు" అంటే, "మొహం పాడైపోయింది, వేళకి తింటున్నావా అంటోంది మీ అమ్మ" అని చెబుతాడు. ఒకడు "ఆ లాయరు వెధవ ఇంకా చావలేదా?" అంటే, అటు తిరిగి "లాయరు గారి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాడమ్మా" అంటాడు. తిట్లు, శాపాలు, రావద్దనే మాట, ఈ మూడూ ఆయన సందు దాటవు.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జైలు నిర్వహణ మెరుగుపరచటానికి వలలు పీకేసి, అద్దం పెట్టి, ఎనిమిది కిటికీలకి ఎనిమిది జతల ఫోన్లు బిగించాలని ఒక ఆలోచన ఉందట. అందుకయ్యే ఖర్చులేమిటో, వచ్చే ప్రయోజనాలేమిటో బేరీజు వేసి నివేదిక పంపమన్నారు. సూపరింటెండెంటు గారు నన్ను పిలిచారు.

"ఖర్చు ఆ అద్దాల కంపెనీవాడే రాసిచ్చేశాడు. నువ్వు ప్రయోజనాలు రాయి. వారం టైము."

"ఏం ప్రయోజనాలండీ?"

"ఉంటాయయ్యా. ఇంత ఖర్చు పెడుతుంటే ప్రయోజనం లేకుండా ఎలా ఉంటుంది? వెతుకు."

ఫారం చూశాను. కంపెనీవాడు ఉత్సాహం ఆపుకోలేక ప్రయోజనాల్లో కూడా ఒక గడి తనే నింపేశాడు. 'ఆదా అయ్యే పోస్టులు: ఒకటి.' ఆ ఒకటి ఎవరో నాకు చెప్పక్కర్లేదు. పెళ్ళాం అక్క మొగుడి చోటు ఎత్తేసే కాగితం మీద నా చేత్తో సంతకం పెట్టాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండింటికీ అవతల మా వదిన.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి మెల్లగా విషయం చెప్పాను. వదిన వెంటనే కళ్ళొత్తుకుంది. ఉద్యోగం పోదు వదినా, చోటు మారుతుందంతే అని మా ఆవిడ, నేను చెరోవైపు సముదాయించాం. మైకు మాత్రం చోటు గురించి ఒక్క ముక్క అడగలేదు. లేచి నా భుజం పట్టుకుని, "ఒక రహస్యం చెప్పాలి, దొడ్లోకి రా" అన్నాడు.

దొడ్లో నీళ్ళ కుళాయి దగ్గర నిలబెట్టి, అటూ ఇటూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ రహస్యం చెప్పాడు. పై అంతస్తులో బట్టలు ఆరేస్తున్న హెడ్ వార్డరు భార్య క్లిప్పు పెట్టబోయి ఆగిపోయి వింది. పక్కింటి రేడియో ఆగిపోయింది.

విషయం ఒక దర్జీ గురించి. ప్యాంటు మూడు వేళ్ళు పొట్టిగా కుట్టావని ఒక పెద్దమనిషి నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. ఆ సమయానికి ఈ దర్జీ చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. విసిరాడు. పెట్టె చల్లగానే ఉందట, కోర్టులో అదొక్కటే కలిసొచ్చింది. పెద్దమనిషి దవడ విరిగింది, వీడికి రెండేళ్ళు పడింది. అతని భార్య ఇంట్లో మిషను తనే తొక్కుకుంటూ, వారం విడిచి వారం మంగళవారం ములాఖత్‌కి వస్తుంది. వచ్చి వలకి మొహం పెట్టి చెప్పేది ఒకటే మాట. బయటికొచ్చాక ఎక్కడికి పోతావో పో, నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను.

"మరి నువ్వు అతనికి ఏమని చెబుతున్నావన్నయ్యా?"

"నీకోసమే చూస్తోందట, తలుపు తీసే ఉంటుందట అని చెబుతున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర అయింది తమ్ముడూ."

నాకు ఒళ్ళు మండింది. "నీకేమన్నా మతి పోయిందా? వాడు వచ్చే నెల పదహారున విడుదల. ఆ తలుపు నమ్ముకుని పోతాడు. పోయి చూస్తే తాళం ఉంటుంది. అప్పుడేం చేస్తాడు?"

ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు. మూసిన తలుపు చూసి, నెల తిరక్కుండా ఏదో ఒకటి చేసి మళ్ళీ మా గేటుకే వచ్చినవాళ్ళు నా రిజిస్టర్లో బోలెడుమంది ఉన్నారు. ఇల్లున్నవాడు తిరిగి రావటం తక్కువ.

"తీస్తుంది తమ్ముడూ" అన్నాడు మైకు. "ఆవిడ రెండు బస్సులు మారి వస్తుంది. ఒక్క మంగళవారం తప్పలేదు. వానలో వచ్చింది, జ్వరంతో వచ్చింది. రావద్దని చెప్పటానికి రెండు బస్సులు మారి వచ్చే మనిషిని నువ్వెక్కడన్నా చూశావా? మనిషి ఎదురుగా నిలబడితే తీస్తుంది. కానీ ముందే ఆ ఫోన్లో ఆ మాట వాడి చెవిన పడిందనుకో, వాడు ఇంటివైపే పోడు. రోషం ఎక్కువ వెధవకి. ఇంకా మూడు ములాఖత్‌లు ఉన్నాయి. మూడే. అవి వలలోనే అయిపోనీ. ఆ తర్వాత నీ అద్దాలు పెట్టుకో, నీ ఫోన్లు పెట్టుకో."

నా అద్దాలట, నా ఫోన్లట! అయినా సరేనన్నాను. కాగితాన్ని ఆపటం నాకు చేతనైన ఒకే ఒక్క విద్య. పంతొమ్మిదేళ్ళుగా జీతం తీసుకుంటున్నదే దానికి.

మర్నాడు సూపరింటెండెంటు గారికి ఒక నోటు పెట్టాను. ప్రస్తుతం గదిలో మాట్లాడుకునే మాటల్లో ఎన్ని అవతలికి చేరుతున్నాయో తెలియకుండా, ఫోన్ల వల్ల కొత్తగా ఎన్ని చేరతాయో చెప్పలేము గనక, ముందుగా శాస్త్రీయంగా కొలవాలని, అందుకు రెండు నెలలు పడుతుందని రాశాను. ఆయనకి శాస్త్రీయంగా అన్న మాట బాగా నచ్చింది. రెండు నెలలు కొట్టేసి నాలుగు రోజులు అని రాసి పంపారు.

దాంతో పుస్తకం, పెన్సిలు పట్టుకుని నాలుగు రోజులు ములాఖత్ గదిలో బల్ల మీద కూర్చున్నాను. ఎవరో ఒక మాట అంటారు, అవతలివాళ్ళకి నేరుగా వినపడిందా, లేక మైకు చెబితే తెలిసిందా, చూసి గీత పెట్టాలి. మొదటిరోజు పది నిమిషాల్లోనే నా తల దిమ్మెక్కిపోయింది. ఇరవై మూడేళ్ళు ఈ మనిషి ఇందులో ఎలా ఉన్నాడురా దేవుడా అనిపించింది. ఇంట్లో ఆయన గోడ అవతల దగ్గినప్పుడల్లా విసుక్కున్నందుకు సిగ్గేసింది.

మూడోరోజు మంగళవారం. దర్జీ భార్య వచ్చింది. బక్కపల్చని మనిషి, చంకలో గుడ్డసంచి, మెళ్ళో కొలతల టేపు తియ్యటం మర్చిపోయి అలాగే వచ్చేసింది. వలకి మొహం ఆనించి ఏదో అంది. నాకు పక్కనే ఉన్నా వినపడలేదు. మైకు చూశాడు. అటు తిరిగి, వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడాడు.

"నీకోసమే చూస్తోందట! తలుపు తీసే ఉంటుందట!"

గది మొత్తం ఒక్క క్షణం ఆగి మళ్ళీ అరుపులు మొదలుపెట్టింది. నా చేతిలో పెన్సిలు కింద పడింది. ఆ మాట దర్జీకి వినపడింది, అతని పక్కవాడికి వినపడింది, బయట సెంట్రీకి వినపడింది. మూడడుగుల ఇవతల నిలబడ్డ ఆవిడకి వినపడకుండా ఎలా ఉంటుంది? నేను ఆవిడ మొహంలోకి చూశాను. కాదు, నేనలా అనలేదు అని అరుస్తుందేమోనని ఎదురుచూశాను. అరవలేదు. సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. తర్వాత మళ్ళీ పెదాలు కదిపి ఏదో తిట్టు తిట్టింది, మైకు దాన్ని కూడా పంచదారలో ముంచి అవతలికి మోశాడు.

అదొక్కటే కాదు. నాలుగు రోజుల్లో చూసినవాళ్ళంతా అంతే. మైకు ఒకటి మార్చి చెబుతాడు, మార్చిన సంగతి అన్నవాళ్ళకే వినపడుతుంది, ఒక్కరూ కిక్కురుమనరు. ఇది ఊరందరికీ తెలిసిన రహస్యం, తెలియనిది మోసేవాడికి ఒక్కడికే. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఇరవై మూడేళ్ళ గుసగుసని గుసగుస కాదని ఎలా చెప్పను? చెప్పలేకపోయాను.

నివేదిక రాశాను. నాలుగు రోజుల్లో లెక్కపెట్టిన మాటలు నాలుగువందల పన్నెండు. నేరుగా అవతలికి చేరినవి ముప్పై ఏడు. మిగతావన్నీ డ్యూటీ వార్డరు సహకారంతో, అదనపు ఖర్చేమీ లేకుండా చేరుతున్నాయి కాబట్టి ఫోన్ల వల్ల కొత్తగా ఒరిగే ప్రయోజనం దాదాపు శూన్యం అని తేల్చాను. రాసి, నాలుగుసార్లు చదువుకుని, నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఇక ఆ ఫైలు మీద ప్రశ్నలు, జవాబులు, మళ్ళీ ప్రశ్నలు, ఎంత లేదన్నా మూడు నెలలు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆరో రోజున జవాబు వచ్చింది. పై ఆఫీసువాళ్ళు నా శూన్యం దాకా చదవనే లేదు. ఖైదీల మాటల్లో పదింట తొమ్మిది వంతులు ఒక వార్డరు నోటిమీదుగా వెళ్తున్నాయా! ఇది భద్రతకే ముప్పు! అత్యవసరంగా పని మొదలుపెట్టండి! కింద ఇంకో వాక్యం, ఇంత చక్కటి కొలత వేసిన గుమాస్తాకి అభినందనలు. మా జైల్లో స్నానాల గది కుళాయి బాగుచేయించటానికి రెండేళ్ళు పట్టింది. వలలు పీకి, అద్దాలు పెట్టి, ఫోన్లు బిగించటానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ అభినందనల కాగితం నేను మా ఇంట్లో చూపించలేదు. మైకుకి విషయం చెప్పాను. "వలలో ఒక్క ములాఖత్ తక్కువైంది తమ్ముడూ" అన్నాడు. "నీ తప్పేం లేదులే." తిట్టినా బాగుండేది.

కొత్త గది తెరిచింది మంగళవారంనాడే. పదహారో తేదీకి ముందు దర్జీకి ఆఖరి ములాఖత్ అది. మైకుకి కూడా ఆ గదిలో అదే ఆఖరి రోజు. మర్నాటి నుంచి వేళలు కొట్టే పెద్ద గంట దగ్గర డ్యూటీ వేశారు. గంట పక్కన కూర్చుంటే చెవులు పోతాయని ఇంతకుముందు వార్డర్లు గోలచేసేవాళ్ళు, ఈయన దగ్గర పోవటానికేమీ లేదు గనక ఇంతకన్నా తగినవాడు దొరకడని సూపరింటెండెంటు గారు స్వయంగా ఎంపిక చేశారు. పోస్టు ఆదా అయింది, మనిషీ ఉన్నాడు, గంటా ఉంది.

మొదటిరోజు పనితీరు రాసుకోవటానికి నేను వెళ్ళాను. గది చూస్తే మన జైలేనా అనిపించింది. తెల్లటి సున్నం, కూర్చోవటానికి స్టూళ్ళు, రెండు వేళ్ళ మందం అద్దం. ఈ అద్దం గుండా ధ్వని పోదని కంపెనీవాడు రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు. ఎనిమిది మంది ఎనిమిది ఫోన్లు చెవులకి పెట్టుకుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మైకు వచ్చినవాళ్ళ వైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియటం లేదు. ముందుకి కట్టుకున్నాడు, వెనక్కి కట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. కళ్ళు మాత్రం ఆరో కిటికీ మీదే ఉన్నాయి.

ఆరో కిటికీలో దర్జీ, అతని భార్య. ఇద్దరూ ఫోన్లు ఎత్తారు. ఎత్తి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళు విన్నారు. అతను ఏదో అన్నాడు. పదహారు పొద్దున్నే వదులుతారట అంటున్నాడని మైకు పెదాలు చదివి నాకు సైగ చేశాడు. ఆవిడ తల దించుకుంది. అతను మళ్ళీ ఏదో అడిగాడు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. అద్దం పైన గడియారంలో ఆరు నిమిషాలు అయిపోయాయి.  

ఆవిడ ఫోను పక్కన పెట్టి వెనక్కి తిరిగింది.

"బాబాయ్ గారూ, ఇటు రండి."

మైకు వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"మీరే చెప్పండి" అంది.

"ఏం చెప్పనమ్మా?"

"ఎప్పుడూ చెప్పేదే."

ఆయనకి అర్థం కాలేదు. పెదాలు సరిగ్గా చదవలేదనుకున్నాడు. ఆవిడ మొహం ఎత్తి, మాట మాట విడదీసి మళ్ళీ అంది. "అదే. తలుపు తీసే ఉంటుందని చెబుతారుగా. ఆ మాట."

మైకు ఒకడుగు వెనక్కి వేశాడు. "నీకు... నీకు వినపడేదా?"

"నాకేంటండీ, బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళక్కూడా వినపడేది."

ఆయన నావైపు చూశాడు. నేను నా పుస్తకంలోకి చూశాను. అంతకన్నా పిరికిపని నా జన్మలో చెయ్యలేదు.

"మరి ఒక్కసారన్నా కాదనలేదేం తల్లీ?"

"ఎందుకు కాదనాలి? నేను తిట్టేది నేను తిట్టాను. మీరు చెప్పేది మీరు చెప్పారు." ఆవిడ అద్దం వైపు ఒకసారి చూసింది. "ఆ చేసిన పనికి నా నోటితో రమ్మని ఎలా అననండీ? రాదు. ఇప్పుడూ రావట్లేదు. మీరనండి. టైమైపోతోంది."

మైకు ఫోను అందుకున్నాడు.  నోటి దగ్గర పెట్టుకుని ఏదో అన్నాడు. అద్దం అవతల దర్జీ కనుబొమలు ముడిచి, ఏంటి బాబాయ్, వినపడట్లేదు అన్నట్టు తలాడించాడు. అడుగు దూరంలో నిలబడ్డ నాకూ వినపడలేదు. తన గొంతు సంగతి అప్పుడే తెలిసింది కదా, పాపం, సిగ్గుతో నిజంగానే గుసగుసలాడుతున్నాడు.

"గట్టిగా బాబాయ్ గారూ!" అని ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని కుదిపింది. "మీరు మామూలుగా చెప్పేట్టు చెప్పండి!"

సరిగ్గా అప్పుడే పది నిమిషాలు అయ్యాయి. కొత్త పద్ధతి ప్రకారం ఎనిమిది ఫోన్లూ ఒక్కసారిగా వాటంతటవే ఆగిపోయాయి. ఆ సంగతి మైకుకి తెలియదు. గుండె నిండా గాలి పీల్చి, చచ్చిన ఫోనులోకి అరిచాడు.

"తలుపు తీసే ఉంటుందట! పదహారున నేరుగా ఇంటికి రమ్మంటోంది!"

ఎనిమిది కిటికీల్లోనూ తలలు ఇటు తిరిగాయి. కంపెనీవాడి హామీ అద్దంలోంచి దూసుకుపోయింది. దర్జీ చేతిలో ఫోను అలాగే ఉంది, కళ్ళు మాత్రం భార్య మీద ఉన్నాయి. ఆవిడ కాదనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, సంచి తీసుకుని, తలుపు వైపు నడిచింది. అతను చొక్కా చేతిలో మొహం దాచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవటానికి సిగ్గేముంది?

పనితీరు నివేదికలో 'తొలిరోజు మాటలు స్పష్టంగా అవతలికి చేరినవి' అని రాశాను. అది అబద్ధం కాదు.

ఆ రోజు నుంచి మైకు మారిపోయాడు. గంట పక్కన కూర్చుంటాడు, వేళకి కొడతాడు, ఇంటికొస్తాడు. నాతో ఆ విషయం ఎత్తలేదు. ఎత్తినా నాకు తెలిసేది కాదేమో, ఎందుకంటే అంత మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇరవై మూడేళ్ళ బాకీ తీర్చేస్తున్నట్టు గొంతులోనే మాట నలిపేస్తాడు. మంచినీళ్ళు అడిగితే వదినకి వినపడదు. "ఇన్నాళ్ళూ మెల్లగా మాట్లాడమని నేను మొత్తుకుంటే వినలేదు, ఇప్పుడేం రోగం?" అని వదిన గోడ ఇవతలికొచ్చి మా ఆవిడ దగ్గర ఏడ్చింది. వీధి చివర కుక్క కూడా నిమ్మళంగా పడుకుంటోంది. జైలు నిర్వహణ మెరుగుపడితే మా క్వార్టర్సుకి ఒరిగిన ప్రయోజనం అదొక్కటే.

పదహారో తేదీ దాటి పది రోజులైంది. ఆదివారం మధ్యాహ్నం రెండిళ్ళవాళ్ళం కలిసి భోజనాలకి కూర్చున్నాం. మైకు నావైపు తిరిగి పెదాలు కదిపాడు. శబ్దం లేదు. ఈసారి నేను ఆయన పెదాలు చదవాల్సి వచ్చింది. 'దర్జీ ఇంటికి వెళ్ళాడా?' అంటున్నాడు.

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే ముందురోజు నేను పాత ప్యాంటొకటి పట్టుకుని, రెండు బస్సులు మారి అక్కడికి వెళ్ళొచ్చాను.

"ఉన్నాడు" అన్నాను గట్టిగా. "మిషను మీద వంగి కుడుతున్నాడు. తలుపు బార్లా తీసే ఉంది."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఆవిడ?" అన్నట్టు చూశాడు.

"పక్కన కూర్చుని గుండీలు కుడుతూ తిడుతోంది. నేనున్నంతసేపూ తిడుతూనే ఉంది."

మళ్ళీ పెదాలు కదిలాయి. 'ఏమంటోంది?'

"ఏమంటుంది, అదే పాట. నిన్నెవడు రమ్మన్నాడు, సిగ్గులేకుండా ఎందుకొచ్చావు, వచ్చినవాడివి ఆ కుట్టేదన్నా సరిగ్గా కుట్టి చావు అంటోంది. పాపం అతను తలెత్తట్లేదు."

మైకు ముద్ద కంచంలో పెట్టేశాడు. మొహం విచ్చుకుంది. ఇటు తిరిగి, నామీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నీకు తెలియదు తమ్ముడూ! ఇన్నాళ్ళూ నువ్వు లేక చచ్చిపోయానంటోంది!"

మా ఇంట్లో గిన్నెలు కదిలాయి. వీధి చివర కుక్క మొరిగింది. వదిన పరుగెత్తుకుంటూ వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చింది, ఆయన అడగనేలేదు.